చదువు ఆగని శిబిరం: ఆచార్య వాల్టర్ కోన్ జీవితం, కృషి

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరైనా ఒక శాస్త్రవేత్త జీవితం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. శాస్త్రవేత్త అనగానే మనకు న్యూటన్, ఐన్‌స్టీన్, మన రామన్‌గారు గుర్తుకొస్తారు. నేను ఇవాళ చెప్పబోయే పేరు మీలో చాలామంది విని ఉండరు. ఆయన పేరు వాల్టర్ కోన్. 1923 మార్చి 9న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. 2016 ఏప్రిల్ 19న అమెరికాలోని శాంటా బార్బరాలో, తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. 1998లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆయన రసాయనశాస్త్రజ్ఞుడు కాదు. ఘన ద్రవ పదార్థాల తత్వాన్ని పరిశీలించే సిద్ధాంత భౌతికశాస్త్రజ్ఞుడు. ఇంగ్లీషులో ఆ శాఖను కండెన్స్‌డ్ మ్యాటర్ ఫిజిక్స్ అంటారు. పదిహేడేళ్లు దాటిన తర్వాత ఆయన రసాయనశాస్త్రం తరగతిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. ఇష్టం లేక కాదు, కూర్చోనివ్వలేదు. ఎందుకు కూర్చోనివ్వలేదో, అయినా ఆ బహుమతి ఆయన్ని ఎలా వెతుక్కుంటూ వచ్చిందో మీకు మనవి చేస్తాను.

కోన్ యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి సాలమన్, ఆయన సోదరుడు కలిసి బొమ్మల పోస్టుకార్డులు అచ్చువేసే వ్యాపారం పెట్టారు. మంచి చిత్రకారుల చేత బొమ్మలు వేయించి కార్డులుగా అచ్చువేసేవారు. మొదట్లో వ్యాపారం బాగానే సాగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ సోదరుడు చనిపోయాడు. సామ్రాజ్యం ముక్కలైంది. తర్వాత ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చింది. ఇంట్లో తిండికి లోటు లేకపోయినా, రేపెలా అనే బెంగ మాత్రం ఎప్పుడూ ఉండేది. తల్లి గిట్టెల్ బాగా చదువుకున్నావిడ. జర్మన్, లాటిన్, పోలిష్, ఫ్రెంచి భాషలు ఆమెకు బాగా వచ్చు. కొడుకును వియన్నాలో పేరున్న పాఠశాలలో చేర్పించారు.

విద్యార్థులు ఇక్కడ ఒక మాట వినాలి. ఆ పాఠశాలలో కోన్‌కు ఇష్టమైన పాఠం లాటిన్. లెక్కలంటే ఆయనకు ఆసక్తి ఉండేది కాదు. అన్ని పాఠాల్లోనూ మంచి మార్కులు వచ్చినా, లెక్కల్లో మాత్రం ‘సి’ గ్రేడు వచ్చింది. పాఠం మూసపోసినట్టు చెప్పేవారని ఆయనే తర్వాత రాసుకున్నారు. పెద్దయ్యాక తండ్రి వ్యాపారం చూసుకుంటాడనే ఇంట్లో అందరూ అనుకున్నారు.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. ఒక్క దెబ్బకు అంతా తలకిందులైంది. కోన్‌ల వ్యాపారం జప్తయింది. పైగా ఆ వ్యాపారాన్ని జీతం లేకుండా తండ్రే నడిపించాలని ఆజ్ఞ వేశారు. అక్క మిన్నా ఇంగ్లండు వెళ్లిపోయింది. కోన్‌ను బడి నుంచి వెళ్లగొట్టారు. అప్పటికి ఆ అబ్బాయికి పదిహేనేళ్లు.

కొన్ని నెలల తర్వాత ఛాయెస్ అనే యూదుల పాఠశాలలో సీటు దొరికింది. అక్కడ ఇద్దరు ఉపాధ్యాయులు ఉండేవారు. భౌతికశాస్త్రం చెప్పేది ఎమిల్ నోహెల్, గణితం చెప్పేది విక్టర్ సబ్బత్. నోహెల్ ఒకప్పుడు ప్రాగ్ నగరంలో సాక్షాత్తూ ఐన్‌స్టీన్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. బడి గోడల అవతల వీధుల్లో మనుషుల్ని కొడుతున్నారు, దుకాణాలు పగలగొడుతున్నారు. గోడల లోపల ఈ ఇద్దరు మాస్టార్లు ఏమీ జరగనట్టు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పేవారు. లెక్కలంటే గిట్టని కుర్రవాడికి లెక్కల రుచి అక్కడ తెలిసింది. శాస్త్రం మీద తనకు ఆసక్తి పుట్టింది వారివల్లనేనని కోన్ నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు రాశారు. ఆ ఇద్దరు ఉపాధ్యాయులూ తర్వాత నాజీల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. శిష్యుడు ఏమయ్యాడో వారికి తెలిసే అవకాశమే లేకపోయింది.

1939 ఆగస్టులో, యుద్ధం మొదలవడానికి ఇంకా మూడు వారాలుందనగా, యూదు పిల్లల్ని ఇంగ్లండుకు చేరవేసే రైలు దొరికింది. పిల్లలు మాత్రమే ఎక్కాలి, పెద్దలకు అనుమతి లేదు. తల్లిదండ్రులు వియన్నాలో ఉండిపోయారు. కోన్ మళ్లీ వారిని చూడలేదు. ఆష్విట్జ్ శిబిరంలో ఇద్దరూ బలైపోయారు.

ఇంగ్లండులో ససెక్స్ జిల్లాలో హౌఫ్ అనే దంపతులు కోన్‌ను తమ ఇంట్లో ఉంచుకున్నారు. హౌఫ్‌గారిది కూడా బొమ్మలు అచ్చువేసే వ్యాపారమే. కోన్ తండ్రితో వ్యాపార సంబంధం తప్ప ఆ పిల్లవాణ్ణి అంతకుముందు చూసి ఎరగరు. వారి దగ్గర ఉండి ఆ అబ్బాయి మళ్లీ బడిలో చేరాడు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదవడం మొదలుపెట్టాడు.

ఇంతలో గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్టయింది. 1940 మేలో జర్మన్ సైన్యాలు పడమటి ఐరోపాను ముంచెత్తాయి. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్న మగవాళ్లను నిర్బంధించమని చర్చిల్ ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయింది కనుక కాగితాల ప్రకారం కోన్ జర్మన్. ఏ జర్మన్లకు భయపడి పారిపోయి వచ్చాడో, ఆ జర్మనే అన్న అనుమానంతో పదిహేడేళ్ల కుర్రవాణ్ణి పట్టుకుపోయారు. రెండు నెలలు బ్రిటన్‌లోని శిబిరాల్లో ఉంచారు. ఆ తర్వాత జులైలో, జర్మన్ జలాంతర్గాములు మాటువేసి ఉన్న సముద్రం మీదుగా, ఓడలో కెనడాకు పంపేశారు. అక్కడ క్విబెక్, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాల్లో ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మారుస్తూ వచ్చారు. ముళ్లకంచెల మధ్య సుమారు ఏడాదిన్నర గడిచింది.

నా ప్రసంగానికి ప్రాణం ఈ శిబిరాల్లోనే ఉంది. అక్కడ బంధించినవారిలో ఆచార్యులున్నారు, పండితులున్నారు. వారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎవరికి వచ్చింది వారు పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. వియన్నా నుంచి వచ్చిన ఫ్రిట్జ్ రోత్‌బెర్గర్ అనే గణితజ్ఞుడు సమితుల సిద్ధాంతం చెప్పేవాడు. ఆ తరగతికి విద్యార్థులు ఎంతమందో తెలుసా? ఇద్దరు. ఇద్దరే కదా అని ఆయన పాఠం మానలేదు. ఆ ఇద్దరిలో ఒకడు కోన్. హెక్షర్ అనే కళాచరిత్రకారుడు ఏకంగా ఒక బడినే ఏర్పాటు చేసి, చదువు మధ్యలో తెగిపోయిన కుర్రవాళ్లను కెనడా పరీక్షలకు కూర్చోబెట్టాడు. కెనడా రెడ్‌క్రాస్ వారు, అక్కడి యూదు దాతలు ఈ చదువులకు సాయం చేశారు. ఆ బడిలో చదివే కోన్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్ష ప్యాసయ్యారు.

శిబిరంలో పనికూడా ఉండేది. అడవిలో చెట్లు కొట్టాలి. రోజు కూలి 20 సెంట్లు. అంటే అయిదు రోజులు గొడ్డలి పట్టుకుంటే ఒక డాలరు. ఆ కూలి డబ్బు కూడబెట్టి కోన్ రెండు పుస్తకాలు కొనుక్కున్నారు. ఒకటి హార్డీ రాసిన శుద్ధగణితం. ఈ హార్డీ మనకు పరాయివాడేం కాదు, మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించుకున్న ఆచార్యుడే. రెండోది స్లేటర్ రాసిన రసాయన భౌతికశాస్త్రం. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, నోబెల్ వచ్చిన నాటికి కూడా, ఆ రెండు పుస్తకాలు ఆయన అలమారలో ఉన్నాయి.

1942 జనవరిలో, ఇతడు గూఢచారి కాడని తేలిన తర్వాత, విడిచిపెట్టారు. టొరాంటోలో బ్రూనో మెండెల్ అనే ఆచార్యుని కుటుంబం ఆయన్ని ఇంట్లో పెట్టుకుంది. ఇది రెండో కుటుంబం. వీరూ అంతకుముందు ముఖం ఎరగనివారే. కోన్ అప్పటికి ఇంజనీరింగు చదవాలనుకున్నారు. కారణం ఏమిటంటే, యుద్ధం అయ్యాక అమ్మానాన్నల్ని పోషించాలి. ఇంజనీరయితే ఉద్యోగం తొందరగా వస్తుంది. ఐన్‌స్టీన్‌తో కలిసి పనిచేసిన ఇన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు ఆ కుర్రవాడితో మాట్లాడి చూశాడు. ఇతని మనసు భౌతికశాస్త్రం మీద ఉందని గ్రహించి, ఆ చదువుతోనూ బతుకు గడుస్తుందని ధైర్యం చెప్పి, టొరాంటో విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్రాల కోర్సుకు వెళ్లమన్నాడు.

అక్కడ ఒక అడ్డంకి వచ్చింది. రసాయనశాస్త్ర భవనంలో యుద్ధానికి సంబంధించిన పనులు జరుగుతున్నాయి. జర్మన్ జాతీయత ఉన్నవారు ఆ గడప తొక్కకూడదు. రసాయనశాస్త్రం చదవనిదే ఆ కోర్సులో సీటు లేదు. అంటే తలుపు మూసినట్టే. ఈ సందర్భంలో శామ్యూల్ బీటీ అనే గణిత విభాగాధిపతి, డీన్, ఒక నిర్ణయం తీసుకున్నారు. భవనంలోకి అడుగుపెట్టకూడదన్న ఆంక్షను తొలగించే అధికారం ఆయన చేతిలో లేదు. అయితే విద్యార్థుల్ని చేర్చుకునే చోట ఆయన మాటకు విలువ ఉంది. కోన్‌నూ, అలాంటి మరికొందరినీ ప్రత్యేక విద్యార్థుల కింద రాసుకుని లోపలికి రానిచ్చారు. ఒకటి రెండేళ్ల తర్వాత వారిని అందరిలాగే క్రమబద్ధం చేశారు. బీటీగారు చేసింది ఒక చిన్న సర్దుబాటు. ఆనాడు ఆయన నిబంధన చూపించి నా వల్ల కాదని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఒక నోబెల్ బహుమతి మాత్రం పుట్టకుండానే పోయేది. పోయిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. ఏ కెనడా తనను ముళ్లకంచెలో పెట్టిందో, ఆ కెనడా సైన్యంలోనే కోన్ ఒక ఏడాది పనిచేశారు. 1945లో డిగ్రీ తీసుకున్నారు. హార్వర్డ్‌లో జూలియన్ ష్వింగర్ దగ్గర పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు. 1950లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సంస్థలో ఉపాధ్యాయుడయ్యారు. 1957లో అమెరికా పౌరుడయ్యారు. 1960లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. వేసవి సెలవుల్లో, ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ప్రయోగశాలకు వెళ్లి, లటింజర్ అనే మిత్రుడితో కలిసి సిలికాన్ వంటి అర్ధవాహకాలలో కొద్దిపాటి మలినం కలిపితే ఎలక్ట్రాన్లు ఎలా ప్రవర్తిస్తాయో లెక్కగట్టారు.

ఇక ఆయన్ని చిరస్మరణీయుణ్ణి చేసిన పని. దీన్ని లెక్కలు లేకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఇనుము ఎందుకు గట్టిగా ఉంటుంది, రాగి ఎందుకు విద్యుత్తును పోనిస్తుంది, గాజు ఎందుకు పోనివ్వదు? అన్నిటికీ జవాబు వాటిలోని ఎలక్ట్రాన్ల నడకలో ఉంది. ఆ నడకకు సూత్రం 1926లోనే ష్రోడింగర్ కనిపెట్టాడు. సూత్రం ఉంది, లెక్క మాత్రం తెగదు. ఎందుకంటే ప్రతి ఎలక్ట్రానూ తక్కిన ప్రతి ఎలక్ట్రానునూ నెడుతూ ఉంటుంది. ఒక్కొక్క ఎలక్ట్రాను ఎక్కడుందో చెప్పాలంటే మూడు అంకెలు కావాలి. బెంజీన్ అనే చిన్న అణువులో 42 ఎలక్ట్రాన్లున్నాయి. మొత్తం 126 అంకెలు. ఒక్కొక్క అంకెకు పది విలువలు మాత్రమే వేసి చూద్దామన్నా, 1 పక్కన 126 సున్నాలు పెట్టినన్ని లెక్కలు తేలతాయి. ఎంత పెద్ద కంప్యూటరూ ఆ పట్టికను దాచుకోలేదు. ఇక గుప్పెడు ఇనుము సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు ఒక పెద్ద ఉరుసు ఊహించుకోండి. లక్షల మంది జనం. ప్రతి మనిషీ ఎక్కడ నడుస్తున్నాడో, ఎవరిని తోసుకుంటున్నాడో రాసుకోవడం ఎవరి తరమూ కాదు. మిద్దె మీదికెక్కి ఏ చోట జనం ఎంత చిక్కగా ఉన్నారో చూడడం మాత్రం సులువు. చిక్కదనం చెప్పడానికి ఎన్ని ఎలక్ట్రాన్లున్నా మూడు అంకెలు చాలు: పొడవు, వెడల్పు, ఎత్తు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1927లోనే థామస్, ఫెర్మీ అనే ఇద్దరు దీన్ని సుమారు లెక్కగా వాడారు. సుమారు లెక్క గనక దాన్ని పెద్దగా ఎవరూ నమ్మలేదు.

1963లో కోన్ సెలవుపెట్టి పారిస్ వెళ్లారు. అక్కడ మిశ్రమలోహాల గురించి ఆలోచిస్తూండగా ఆయనకు ఒక ప్రశ్న తట్టింది. చిక్కదనం ఒక్కటే తెలిస్తే, ఆ పదార్థం గురించి తక్కినదంతా తెలిసినట్టేనా? పియర్ హోహెన్‌బెర్గ్ అనే యువ శాస్త్రవేత్తతో కలిసి దీనికి జవాబు సాధించారు. తెలిసినట్టే! ఉరుసులో జనం గుమిగూడిన తీరు చూసి దుకాణాలు ఎక్కడున్నాయో, నీళ్ల పందిరి ఎక్కడుందో చెప్పగలం కదా. అలాగే పదార్థం తన అతి తక్కువ శక్తి స్థితిలో ఉన్నప్పుడు, ఎలక్ట్రాన్ల చిక్కదనాన్ని బట్టి కేంద్రకాలు ఎక్కడ ఏ బలంతో లాగుతున్నాయో తేలిపోతుంది. అది తేలితే అన్నీ తేలినట్టే. ఇది సుమారు మాట కాదు, సిద్ధాంతం. నిరూపణ కొద్ది పంక్తుల్లో అయిపోతుంది. 1964లో ఆ పత్రం అచ్చయింది.

తెలుసుకోవచ్చు అని నిరూపించడం వేరు, తెలుసుకునే దారి చూపడం వేరు. ఆ దారి మరుసటి ఏడాది, 1965లో, హాంకాంగ్‌లో పుట్టిన లూ షామ్ అనే శిష్యసమానుడితో కలిసి చూపారు. ఒకదానినొకటి నెట్టుకోని ఎలక్ట్రాన్లను ఊహించి, వాటి చిక్కదనం అసలు ఎలక్ట్రాన్ల చిక్కదనంతో సరిపోయేలా లెక్క అమర్చారు. మిగిలిన తేడా అంతటినీ ఒకే ఒక పదంలో సర్దారు. ఆ పదానికి కచ్చితమైన రూపం నేటికీ ఎవరికీ తెలియదు. సుమారు రూపాలతోనే పని నడుస్తోంది, ఆశ్చర్యకరంగా బాగా నడుస్తోంది. దీనినే డెన్సిటీ ఫంక్షనల్ థియరీ అంటారు.

రసాయనశాస్త్రజ్ఞులు దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. అణువుల విషయంలో ఫలితాలు తగినంత సరిగా రావడం లేదన్నారు. వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. 1980ల చివర మెరుగైన సుమారు రూపాలు దొరికాక వారే దీనిని చేతబట్టారు. 1998లో నోబెల్ బహుమతిని కోన్‌కూ, అణువుల లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించిన జాన్ పోపుల్‌కూ చెరిసగం ఇచ్చారు. 2014లో నేచర్ పత్రిక, ఇతర శాస్త్రజ్ఞులు అత్యధికంగా ప్రస్తావించిన 100 పరిశోధనా పత్రాల పట్టిక ప్రకటించింది. అందులో 12 పత్రాలు ఈ సిద్ధాంతానికి సంబంధించినవే. నేడు కొత్త బ్యాటరీ పదార్థం కావాలన్నా, ఎరువుల తయారీలో వాడే ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందో చూడాలన్నా, ముందు కంప్యూటర్ మీద కోన్, షామ్‌ల లెక్క వేసి చూసుకుంటారు. రసాయనశాల గడప తొక్కనివ్వని కుర్రవాడి లెక్క ప్రపంచంలోని రసాయనశాలలన్నిటికీ పనిముట్టయింది.

1979లో శాంటా బార్బరాలో సిద్ధాంత భౌతికశాస్త్ర సంస్థ నెలకొల్పినప్పుడు కోన్ దానికి మొదటి డైరెక్టరయ్యారు. 1984 దాకా నడిపారు. దేశదేశాల శాస్త్రజ్ఞులు వచ్చి కొన్ని వారాలో నెలలో ఉండి, కలిసి ఆలోచించుకుని వెళ్లే పద్ధతి అక్కడిది. ఆ భవనానికి ఆయన పేరే పెట్టారు. తండ్రి శాంతివాది. కొడుకూ అదే దారి పట్టారు. అణ్వాయుధాలు తయారుచేసే ప్రయోగశాలల నిర్వహణ నుంచి తన విశ్వవిద్యాలయం తప్పుకోవాలని బాహాటంగా వాదించారు. వృద్ధాప్యంలో సూర్యశక్తి మీద మనసుపెట్టి, 2005లో దానిపై ఒక డాక్యుమెంటరీ చిత్రం తీయించారు.

సభ్యులారా, ఇటువంటి జీవితం చెప్పిన తర్వాత, కష్టాలే మనిషిని గొప్పవాణ్ణి చేస్తాయి అని ముగించడం మన సభల్లో రివాజు. నేను ఆ మాట ఒప్పుకోను. అవే కష్టాలు ఆయన తల్లిదండ్రుల్ని మింగాయి. పాఠం చెప్పిన మాస్టార్లను మింగాయి. ఆ బడిలో ఆయన పక్కన కూర్చున్న పిల్లల్లో ఎందరిని మింగాయో! వారిలో ఇంకో కోన్ లేడని ఎవరు చెప్పగలరు? కష్టానికి మనిషిని తయారుచేసే శక్తి లేదు. ఆయన్ని తయారుచేసింది, ఆ కష్టకాలంలో కూడా తమ చేతిలో ఉన్న చిన్న పని మానని మనుషులు. వీధిలో దౌర్జన్యం జరుగుతున్నా సుద్దముక్క కింద పెట్టని నోహెల్, సబ్బత్. ఇద్దరు విద్యార్థుల కోసం పూర్తి పాఠం చెప్పిన రోత్‌బెర్గర్. పరాయి పిల్లవాడికి అన్నం పెట్టి పడకిచ్చిన హౌఫ్, మెండెల్ కుటుంబాలు. నిబంధన పక్కనే చిన్న దారి వెతికిన బీటీ. వీరెవరూ నోబెల్ కోసం చేయలేదు. ఎదుటనున్న పిల్లవాడి చదువు ఆగకూడదనుకున్నారు, అంతే.

విద్యార్థులకు ఒక్క మాట. ఒక పాఠంలో మార్కులు తక్కువ వచ్చాయని ఆ పాఠం మనది కాదనుకోవద్దు. దానిని మీకు రుచి చూపించే ఉపాధ్యాయుడు ఇంకా తగిలి ఉండకపోవచ్చు. పెద్దలకూ ఒక్క మాట. మీ వీధిలో ఫీజు కట్టలేకో, కాగితం ఒకటి తక్కువయ్యో, ఇంట్లో ఎవరో మంచాన పడ్డందువల్లో చదువు ఆగిపోయిన అమ్మాయో అబ్బాయో తప్పక ఉంటారు. ఒకసారి ఆ ఇంటికి వెళ్లి అడగండి. ఇద్దరే వచ్చినా సరే, సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి మీకు వచ్చింది చెప్పండి. ఏ ఆఫీసులోనైనా సంతకం పెట్టే చోట మీరుంటే, కాదని రాసేముందు బీటీగారిని ఒకసారి తలచుకోండి.